తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయా? ముందు షుగర్ చూసుకోండి

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. మూడు వారాలుగా తెల్లవారుజామున ఫ్యాను కింద పడుకున్నా దిండు తడిసేంత చెమట పడుతోంది. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగుతున్నాను. గత నెలలో షుగర్ ఎక్కువగా ఉందని మందుల షాపులో అడిగి మాత్ర డోసు పెంచుకున్నాను. అసలు చెమట ఎందుకు పడుతుంది? ఏ పౌడరు వాడాలి?

జవాబు: పౌడరు కన్నా, డోసు పెంచుకున్నానని మీరు మామూలుగా రాసిన మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

మన చర్మంలో 20 నుంచి 40 లక్షల స్వేద గ్రంథులుంటాయి. ఒంట్లో వేడి పెరిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ నాడుల ద్వారా వాటిని పనిచేయిస్తుంది. పైకి వచ్చిన చెమట ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే అది ఆవిరి కాక కారిపోతుంది, అందుకే ఉక్కపోత. అయితే రక్తంలో గ్లూకోజు పడిపోయినప్పుడు కూడా అవే నాడులు మేలుకుంటాయి, అప్పుడు పట్టే చెమటకు వేడితో సంబంధం ఉండదు.

మీరు మాత్ర పేరు రాయలేదు. గ్లిమెపిరైడ్ వంటిదైతే, కడుపు ఖాళీగా ఉన్నా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది కనుక, రాత్రి తక్కువ తిన్న రోజున తెల్లవారేసరికి షుగర్ పడిపోయే అవకాశం ఉంది. పరీక్షించకుండా ఇదేనని నేను తేల్చి చెప్పలేను. మళ్లీ చెమటతో మెలకువ వస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడేవారిలో వణుకు, గుండెదడ బయటపడకపోవచ్చు. అలాంటప్పుడు చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది.

మూడు వారాలు ఆగడం సరికాదండీ. షాపులో ఉన్నవారికి మీ కిడ్నీల పరిస్థితి తెలియదు, కిడ్నీలు మందగిస్తే ఇలాంటి మాత్రల ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. తర్వాతి డోసు వేసుకునే ముందే మీ డాక్టరుతో మాట్లాడండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష)తో పాటు ఈసీజీ కూడా అవసరం కావచ్చు, ఎందుకంటే షుగర్ ఉన్నవారిలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా చల్లటి చెమటతో, ఆయాసంతోనే వస్తుంది. అలా అనిపిస్తే 108కి ఫోన్ చేయండి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే అదీ చెప్పండి, క్షయ పరీక్ష చేయాల్సి రావచ్చు.

వెళ్లేటప్పుడు పాత చీటీతో పాటు ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టను కూడా తీసుకెళ్లండి.