ఫిట్స్ లెక్క వేరు, చదువు లెక్క వేరు

చిరంజీవి లహరికి,

పీహెచ్‌డీకి డ్రావే సిండ్రోమ్, అదే పసితనంలోనే ఫిట్స్‌తో మొదలయ్యే జన్యు జబ్బు, తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా అనిపించింది, వెనకాలే టెన్షనూ మొదలైంది. ఇన్నేళ్లు ఆ పిల్లల్ని చూసిన డాక్టర్ని, సలహా ఇవ్వకుండా ఊరుకోలేను.

జీన్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఎస్‌సీఎన్1ఏ అనే ఆ జీన్ రెండు కాపీల్లో ఒకటి పనిచేయకపోతే, నరాల కణాల్లో (న్యూరాన్లలో) కరెంటు పుట్టించే సోడియం ఛానళ్లు తగ్గిపోతాయి, ముఖ్యంగా మిగతా న్యూరాన్లకు బ్రేకు వేసే ఇంటర్‌న్యూరాన్లు నీరసపడతాయి. దాని మీద చదువుకో, చాలా ఉంది.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఒకప్పుడు ఇలాంటి పిల్లల్లో కొందరికి టీకా వేసిన వెంటనే జ్వరం, దాంతోపాటు మొదటి ఫిట్స్ వచ్చేవి. నిన్నటిదాకా ఆడుకున్న బిడ్డ ఆ తర్వాత ఎదుగుదలలో వెనకబడేది. ఇంకేముంది, మెదడు పాడుచేసింది టీకాయే అన్నారు. వేయించిన తల్లి జీవితమంతా తనను తాను తిట్టుకుంటూ బతికింది. 2006లో అలాంటి ముద్ర పడిన 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ మార్పు కనబడింది. జబ్బు పుట్టుకతోనే ఉంది. టీకా తెచ్చిన జ్వరం ఫిట్స్‌ను కాస్త ముందుకు లాగి ఉంటుంది, అంతే. కంటికి కనబడిన దాని మీదే నేరం మోపారు. ఆ తల్లుల ముఖాలు తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది నాకు.

ఇప్పుడు చదువు విషయంలోనూ అదే జరుగుతుందేమోనని నా భయం. ఫిట్స్ కనబడతాయి కాబట్టి, మాట రాకపోయినా, లెక్క అర్థం కాకపోయినా అన్నీ వాటి ఖాతాలోకే వెళ్తాయి. 2013లో ఎలుకల మెదడులో మీడియల్ సెప్టమ్ అనే ఒక్క చోట ఈ ఛానల్‌ను తగ్గించి చూశారు. ఫిట్స్ రాలేదు, కానీ జ్ఞాపకాలను చూసుకునే హిప్పోకాంపస్ లయ చెదిరింది, దారి గుర్తుపెట్టుకోవడం దెబ్బతింది. అలాగని ఫిట్స్ ఏ పాపం ఎరగవని నేననడం లేదు. గంటల తరబడి ఆగని ఫిట్స్ ఏం చేస్తాయో చూశాను. రెండింటి వాటా విడివిడిగా తేల్చాల్సింది నువ్వు.

అందుకే నీ ఎలుకలకు రాత్రింబవళ్లు వీడియో ఈఈజీ పెట్టు, మెదడు కరెంటూ కదలికలూ కలిపి రికార్డవ్వాలి. రాత్రి ఫిట్స్ వచ్చిన ఎలుకకు పొద్దున్నే పరీక్ష పెట్టి "నేర్చుకోలేకపోతోంది" అని రాశావంటే ఊరుకోను. ఎలుక జాతి ఏదో రాసుకో, అదే లోపం ఒక జాతిలో తేలిగ్గా పోతుంది, ఇంకో జాతిని చంపేస్తుంది. వయసు అంతకన్నా ముఖ్యం, చిన్నప్పుడు నీరసంగా ఉన్న ఇంటర్‌న్యూరాన్లు పెద్దయ్యాక కొంత కోలుకున్నట్టు కనబడతాయి.

ఇంకోటి, ఈ లోపమున్న ఎలుకలు మూడు వారాల వయసు దాటాక చాలా చనిపోతాయి. పరీక్షకు మిగిలేవి గట్టివే, వాటిని చూసి అన్నీ ఇంతేననుకోకు. పొద్దున బోను తెరిచి చూసినప్పుడు బాధేస్తుంది తల్లీ, వేయనీ. ఆ రోజు అన్నం మానేసి ల్యాబ్‌లో కూర్చుంటే మాత్రం మీ నాన్నతో చెప్పేస్తాను.

తల్లిదండ్రులను కలిసినప్పుడు ఎలుకల ఫలితాలను మందులా చెప్పకు. "మా పాప చదువుకుంటుందా?" అని అడుగుతారు. తెలియకపోతే తెలియదనే చెప్పు, కానీ లేచి వెళ్లిపోకు, పాప ఇప్పుడు ఏమేం చేస్తోందో అడుగు. నీ ప్రయోగానికి మంచి ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి.

ప్లాన్ రాశాక ఒక కాపీ నాకు పంపు. అందులో వయసు కాలమ్ లేకపోతే చదవకుండానే తిప్పి పంపేస్తాను.

మీ అత్త