ఆంప్ ఆపాక స్పీకర్‌లో ‘టప్’, ఆ తర్వాత ‘బుర్ర్’: తప్పు బయాస్‌దేనా?

ప్రశ్న: నా వాల్వ్ ఆంప్లిఫయర్‌లో రెండు ఈఎల్34 అవుట్‌పుట్ వాల్వులు పుష్-పుల్ పద్ధతిలో (ఒకటి లాగితే రెండోది వదిలేలా జంటగా) పనిచేస్తాయి. ఫిక్స్‌డ్ బయాస్. ఈమధ్య పాత జత తీసి కొత్తది పెట్టాను. అప్పటి నుంచి స్విచ్ ఆపగానే స్పీకర్‌లో ‘టప్’మంటోంది. నాలుగైదు సెకన్లు పోయాక ‘బుర్ర్’మని మూలిగి ఆగిపోతోంది. క్యాథోడ్ల (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) దగ్గరున్న 1 ఓమ్ రెసిస్టర్ల మీద కొలిస్తే ఒక వాల్వుకి 52, రెండోదానికి 31 మిల్లీవోల్టులు చూపించింది. ప్లేట్ (ఆ ఎలక్ట్రాన్లు చేరే లోహపు రేకు) దగ్గర 450 వోల్టులు ఉంది. బయాస్ తప్పిందా? స్పీకర్ పోతుందా?

జవాబు: ముందు స్పీకర్ టెన్షన్ వదిలేయండి. మీ ఆంప్‌లో వాల్వులకీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని గుండా డీసీ దాటదు, మారే కరెంటు మాత్రమే దాటుతుంది. కోన్ కంటికి కనిపించేంతగా ముందుకు ఎగిరిపడుతుంటే ఆలోచించాలి. చిన్న టప్, చిన్న మూలుగు స్పీకర్‌ని ఏమీ చేయవు.

అసలు కంగారు పడాల్సింది మీరు మామూలుగా రాసేసిన ఆ రెండు అంకెల గురించి. 1 ఓమ్ మీద 52 మిల్లీవోల్టులంటే 52 మిల్లీఆంపియర్లు. దాన్ని 450తో గుణిస్తే 23.4 వాట్లు. ఈఎల్34 ప్లేట్ తట్టుకునే గరిష్ఠం 25 వాట్లు. అంటే పాటేమీ లేకుండా ఖాళీగా కూర్చున్నప్పుడే ఆ వాల్వు అంచు దాకా వచ్చేసింది. రెండోది 14 వాట్ల దగ్గర తీరిగ్గా ఉంది. ఒక ఎద్దు బండిని లాగుతుంటే రెండోది పక్కన నడుస్తున్నట్టుంది వ్యవహారం. (క్యాథోడ్ దగ్గర కొలిచిన దాంట్లో స్క్రీన్ (వాల్వులోని రెండో గ్రిడ్) కరెంటు కూడా కలుస్తుంది కాబట్టి ప్లేట్ అసలు లెక్క కొంచెం తక్కువే. అలాగని నిశ్చింతగా ఉండేంత తక్కువ కాదు.) గది చీకటి చేసి చూడండి. ప్లేట్ లోహం ఎర్రబారుతూ కనిపిస్తే వెంటనే ఆపేయండి.

బయాస్ అంటే గ్రిడ్‌కి (క్యాథోడ్‌కీ ప్లేట్‌కీ మధ్య కరెంటుని అదుపు చేసే తీగజాలి) మనం ఇచ్చే నెగెటివ్ వోల్టేజి. అది ఎంత లోతుగా ఉంటే కరెంటు అంత తగ్గుతుంది. క్యాథోడ్ బయాస్‌లో ఈ పని ఒక రెసిస్టరే చూసుకుంటుంది. ఫిక్స్‌డ్ బయాస్‌లో విడిగా నెగెటివ్ సప్లై ఉంటుంది, దాన్ని ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు రెసిస్టర్) తిప్పి సరిచేయాలి. పేరేమో ఫిక్స్‌డ్, వాల్వు మార్చినప్పుడల్లా తిప్పాల్సింది మాత్రం దీన్నే! ఇలాంటి క్లాస్ ఏబీ (ఖాళీగా ఉన్నప్పుడు కొద్దిగానే కరెంటు లాగే) ఆంప్‌లకి గరిష్ఠంలో 70 శాతం దాటకుండా పెట్టడం అలవాటు. 25లో 70 శాతం 17.5 వాట్లు. దాన్ని 450తో భాగిస్తే దాదాపు 39 మిల్లీఆంపియర్లు. నేనైతే రెండిటినీ 36 దగ్గర పెడతాను. వాల్వు ఎక్కువ కాలం మన్నుతుంది, వినడానికి తేడా ఏమీ ఉండదు.

స్పీకర్ తగిలించి, ఇన్‌పుట్ ఏమీ లేకుండా, ఆంప్ ఇరవై నిమిషాలు వేడెక్కాక కొలవండి. కరెంటు తగ్గిస్తే ప్లేట్ వోల్టేజి పెరుగుతుంది కాబట్టి రెండోసారి, మూడోసారి కూడా చూడాలి. మీ ఆంప్‌లో రెండు వాల్వులకీ కలిపి ఒకే ప్రీసెట్ ఉంటే తిప్పడంతో తేడా పోదు. కరెంటు సరిపోలే జత వేయాల్సిందే.

ఇక శబ్దాలు. వాటిని టైమును బట్టి విడదీయండి. స్విచ్ నొక్కిన క్షణంలోనే వచ్చే టప్‌కీ బయాస్‌కీ సంబంధం లేదు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు హఠాత్తుగా తెగినప్పుడు స్విచ్ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. దాని కుదుపు ఇన్‌పుట్ వైరింగ్‌లోకి దూరుతుంది. బహుశా ఈ టప్ ఇంతకుముందూ వచ్చే ఉంటుంది, కొత్త వాల్వులు పెట్టాక మీ చెవులు కాపలా కాస్తున్నాయంతే. కాంటాక్టుల మీదుగా 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో 100 ఓమ్ రెసిస్టర్‌ని సిరీస్‌లో కలిపి వేస్తే తగ్గుతుంది. ఆ కెపాసిటర్ మాత్రం మెయిన్స్ కోసమే చేసిన ఎక్స్2 తరగతిదే కావాలి. మామూలుది షార్ట్ అయితే స్విచ్ ఆపినా ఆంప్ ఆగదు.

నాలుగైదు సెకన్ల తర్వాతి బుర్ర్ సంగతి వేరు. స్విచ్ ఆపినా క్యాథోడ్ వెంటనే చల్లారదు. ఫిల్టర్ కెపాసిటర్లలో ఇంకా వందల వోల్టులుంటాయి. అందుకే వాల్వ్ ఆంప్ ఆపాక కూడా పాట కాసేపు వినిపిస్తూ మెల్లగా సన్నగిల్లుతుంది. ఈలోగా నెగెటివ్ బయాస్ ముందే పడిపోయి, ప్లేట్‌కి వెళ్లే హై వోల్టేజి ఇంకా నిలబడి ఉంటే గ్రిడ్ పట్టు వదిలేస్తుంది, వాల్వులు ఎడాపెడా కరెంటు లాగేస్తాయి. రెండు వాల్వులూ సమానంగా ఉంటే ఈ కుదుపు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎదురెదురుగా కొట్టుకుపోయి బయటికి రాదు. మీ దగ్గర 21 మిల్లీఆంపియర్ల తేడా ఉంది, కనుక ఆ మిగులు స్పీకర్ దాకా వస్తోంది. కొత్త జత పెట్టాకే మూలుగు మొదలవడానికి కారణం ఇదే అయివుండాలి.

కాబట్టి ముందు కరెంటులు సమానం చేసి మళ్లీ ఆపి చూడండి. చాలావరకు అక్కడితోనే పోతుంది. పోకపోతే రెండు మల్టీమీటర్లు పెట్టి, ఒకదానితో బయాస్‌ని, రెండోదానితో హై వోల్టేజిని చూస్తూ ఫోన్‌లో వీడియో తీయండి. బయాస్ ముందే కూలిపోతోందంటే దాని ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు. మార్చేటప్పుడు గుర్తుంచుకోండి: ఇది నెగెటివ్ సప్లై, కెపాసిటర్ పాజిటివ్ కాలు గ్రౌండ్‌కి వెళ్లాలి. అలవాటులో తిప్పి పెట్టేసి పేల్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇంకో మాట. ప్లగ్ పీకినా ఆ పెద్ద కెపాసిటర్లు ప్రాణం తీయగలవు. చార్జిని మెల్లగా ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ లేకపోతే గంటల తరబడి చార్జి నిలిచి ఉండొచ్చు. 100 మైక్రోఫారడ్ మీద 220 కిలోఓమ్‌ల బ్లీడర్ ఉన్నా 450 నుంచి 50 వోల్టులకి దిగడానికి 50 సెకన్ల దాకా పడుతుంది. మీటర్‌తో చూడకుండా లోపల వేలు పెట్టొద్దు. హై వోల్టేజి పని ఎప్పుడూ చేయకపోతే ఈ కొలతలన్నీ తెలిసినవాళ్లతో చేయించండి.

ప్రశ్న: ఆంప్ ఆపే ముందు స్పీకర్ వైరు పీకేస్తే ఈ శబ్దాల గోలే ఉండదు కదా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ట్రాన్సిస్టర్ ఆంప్ లోడ్ (అంటే స్పీకర్) లేకున్నా మామూలుగా ఊరుకుంటుంది, వాల్వ్ ఆంప్ ఊరుకోదు. సిగ్నల్ నడుస్తుండగా లోడ్ తీసేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజి విపరీతంగా లేచి, చుట్ల మధ్య ఇన్సులేషన్ కాలిపోతుంది, లేదా వాల్వు బేస్‌లోనే నిప్పు దూకుతుంది. వాల్యూమ్ తగ్గించి, స్విచ్ ఆపి, శబ్దం పూర్తిగా సద్దుమణిగాక వైరు తీయండి.