అల్లుడూ, ముందు స్కేలు తేల్చుకో

ఒరేయ్ అల్లుడూ, ఉద్యోగం మానేసి మన రైళ్ల మోడల్స్ చేసి అమ్ముతానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది, రాత్రంతా నిద్రపట్టలేదురా. భయమేసింది, గర్వంగానూ ఉంది. నా భుజాలెక్కి సికింద్రాబాద్ స్టేషన్లో ఇంజన్లు చూసిన పిల్లాడివి కదా.

జీఎస్టీ, వెబ్‌సైటు, ప్యాకింగ్ నాకంటే నీకే తెలుసు. స్కేలు విషయంలో మాత్రం, అంటే అసలు రైలుని ఎన్నో వంతుకి తగ్గించి చెయ్యాలన్న దాంట్లో, నా మాట విను.

నేను దెబ్బతిన్నది అక్కడే. నా ఇంజన్లు హెచ్ఓ స్కేలు, అంటే 1:87, అసలు దాంట్లో 87వ వంతు. రైలు పెట్టెలు చేయించడానికి చేతికి దొరికిన డ్రాయింగ్ ఓఓ స్కేలుది, 1:76. రెండిటికీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే కదా, ఇంకేం కావాలి అనుకుని ఏకంగా నలభై పెట్టెలకి ఆర్డరిచ్చేశా, మీ అత్త గాజులు తాకట్టుపెట్టి మరీ. తీరా చూస్తే ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె 26 సెంటీమీటర్లు ఉండాల్సింది 29 దాటింది. కొనడానికొచ్చినాయన ఇంజన్ వెనకాల పెట్టెని తగిలించి, తల వంచి టేబుల్ ఎత్తులోంచి చూశాడు. పెట్టె కప్పు ఇంజన్ కప్పుకంటే ఐదు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. ఆయన ఏమీ అనలేదు, మెల్లగా డబ్బాలో సర్దేసి, వద్దులెండి అన్నాడు. గాజులు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. మీ అత్త ఒక్క మాట అన్లేదు, అన్నా బాగుండేది.

ఫ్లాట్లలో చోటుండదు కాబట్టి ఎన్ స్కేలు, అంటే 1:160, బెటర్ అంటున్నావట. నిజమే, 24 పెట్టెల రైలు హెచ్ఓలో ఆరు మీటర్లు దాటుద్ది, ఎన్‌లో మూడున్నర చాలు. కానీ ప్రపంచంలో ఎక్కువమంది ఆడేది హెచ్ఓనే, చక్రాలు, మోటార్లు, కప్లింగులు అన్నీ దొరుకుతాయి. మనవాడు ఒకటో రెండో పెట్టెలు కొని షోకేసులో పెట్టుకుంటాడు, కిటికీ కమ్మీలు కనబడాలి వాడికి. టీటీ అనే 1:120 స్కేలుని బ్రిటన్ మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ 2022లో మొదలెట్టిందని అటు వెళ్లకు, అది బ్రిటన్ రైళ్ల సంగతి. ఇంకోటి, మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, లెక్కప్రకారం హెచ్ఓలో 19 పైన రావాలి. ఆ పట్టుదలకి పోకు, కొన్నవాడి ఇంట్లో ఉన్నది 16.5 పట్టాలే.

అప్పు చెయ్యకు, అక్క బంగారం జోలికి అస్సలు పోకు. ఐదు పెట్టెలు చెయ్యి, అమ్ముడుపోయాక ఇంకో ఐదు. మొదటిది మాత్రం నా దగ్గరికి పట్రా, నా పాత డబ్ల్యూడీఎం2 డీజిల్ ఇంజన్ మోడల్ ఇంకా బీరువాలోనే ఉంది, వెనకాల తగిలించి కప్పు కప్పు కలుస్తుందో లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.