చెరువు మాది, ధర దళారిది

ప్రశ్న: పరకాల దగ్గర మా ఊరి చెరువుకు మత్స్య సహకార సంఘం ఉంది. వలలకు అప్పిచ్చిన దళారి చేపలన్నీ తనకే పోయాలంటాడు. క్వింటాలుకు ఐదు కిలోలు తరుగు తీస్తాడు. ఎట్లా బయటపడాలె?

జవాబు: ముందు అప్పు లెక్క కాగితం మీద పెట్టించండి. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు అన్నది సర్వసభ్య సమావేశంలో చదివి తీర్మానం రాయండి. అప్పు వేరు, చేపల ధర వేరు. ఈ రెండూ కలిసినంత కాలం బేరం మీ చేతిలో ఉండదు.

తూకానికి సంఘం సొంత కాంటా పెట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర తప్పనిసరి. ఖాళీ ట్రే బరువు అందరి ముందే తీసేస్తే తరుగు అడిగే సాకే ఉండదు.

అసలు దెబ్బ ఎండాకాలంలో తగులుతుంది. నీళ్లు తగ్గగానే అన్ని చెరువుల్లో ఒక్కసారే చేపలు పడతారు, ధర పడిపోతుంది. నీళ్లుండగానే, చలికాలం నుంచి పెద్దకన్ను వలతో విడతలుగా పట్టండి. కిలో దాటిన బొచ్చె, రవ్వ తీస్తే చిన్నవాటికి మేత, జాగా దొరుకుతాయి.

సర్కారు చేపపిల్లలు వచ్చినప్పుడు లారీ డ్రైవర్ చెప్పిన లెక్క నమ్మి సంతకం పెట్టొద్దు. పిల్లల్ని కప్పులతో కొలిచి పోసేటప్పుడు మూడు కప్పులు మీరే ఏరి, వాటిలోని పిల్లల్ని లెక్కపెట్టండి, సగటును మొత్తం కప్పుల సంఖ్యతో హెచ్చించండి. ఏడాదంతా నీళ్లుండే చెరువుకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల కావాలి. అంతకన్నా చిన్నదైతే కొర్రమట్టలే మింగేస్తాయి.

హన్మకొండలో నేరుగా అమ్మాలంటే ఎండాకాలం కిలో చేపకు కిలో ఐస్ లెక్కేసుకోండి. ఐస్ చిన్నగా కొట్టి వరుసలు వేయండి, పెద్ద గడ్డలకు చేప నలుగుతుంది. పెట్టె అడుగున రంధ్రం పెట్టండి. కరిగిన నీళ్లలో నానితే చేప త్వరగా పాడవుతుంది.