గేట్లు అతికిన చెయ్యి ఓడను అతకాలంటే
ఉపాధి సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. 2018లో తిత్లీ తుపానుకు కొబ్బరితోట పోయినప్పటి నుంచి మాకు నికరమైన రాబడి లేదు. మా చిన్నవాడు పదో తరగతి పాసై, రెండేళ్లుగా వాళ్ల మేనమామ వెల్డింగు షాపులో గేట్లు, గ్రిల్లులు చేస్తున్నాడు. విశాఖపట్నంలో ఓడల తయారీకీ, నేవీ పనులకూ మనుషులు కావాలంటున్నారు. రెండు లక్షలు ఇస్తే నేరుగా పనిలో పెట్టిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. ఇవ్వవచ్చునా, లేక ఐటీఐలో చేర్చమంటారా?
– ఒక తండ్రి, కవిటి మండలం

సమాధానం: ఆ రెండు లక్షలు ఇవ్వకండి. ప్రభుత్వ రంగ షిప్‌యార్డులో గానీ నౌకాదళ డాక్‌యార్డులో గానీ నియామకాలు బహిరంగ ప్రకటనతోనే జరుగుతాయి. మధ్యవర్తి చూపించగలిగేది మహా అయితే కాంట్రాక్టరు దగ్గర హెల్పరు పని. దానికి ఎవరికీ రూపాయి కట్టనక్కరలేదు.

పని ఉందన్న మాట మాత్రం నిజమే. 1948లో ‘జల ఉష’ ఓడను నీటిలోకి దించిన విశాఖ యార్డే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు, అది 2010లో రక్షణ మంత్రిత్వ శాఖ కిందికి వచ్చింది. అక్కడ కట్టిన ‘నిస్తార్’ అనే డైవింగు సహాయక నౌక 2025 జూలైలో నౌకాదళంలో చేరింది. నౌకాదళానికి ఐదు భారీ సహాయక నౌకలు కట్టే ఒప్పందం 2023లో కుదిరింది. అయితే అక్కడి వెల్డింగు వేరు, మీ అబ్బాయి ఇప్పుడు చేస్తున్న వెల్డింగు వేరు.

గేటు అతుకులో చిన్న బొక్క మిగిలితే రంగు కప్పేస్తుంది. ఓడ అడుగుభాగపు అతుకును ఎక్స్‌రేతోనో అల్ట్రాసోనిక్ పరికరంతోనో చూస్తారు. లోపల గాలి బుడగ ఉన్నా, స్లాగు (అతుకుతున్నప్పుడు ఏర్పడే చిట్టెం) చిక్కుకున్నా అంత మేరా గ్రైండరుతో కోసి మళ్లీ అతకవలసిందే. షాపులో ఇనుమును బల్లమీద తిప్పుకొని అతుకుతాము. ఓడలో ఇనుము కదలదు, మనిషే దాని చుట్టూ తిరగాలి. అందుకే చదునుగా అతికే 1జి నుంచి, నిలువుగా అతికే 3జి, తలపైన అతికే 4జి, వాలుగా బిగించిన పైపును చుట్టూరా అతికే 6జి వరకు వేర్వేరు పరీక్షలు ఉంటాయి. ఊళ్లో వాడే 6013 రకం వెల్డింగు రాడ్డు డబ్బా విప్పి వాడుకోవచ్చు. మందమైన పలకలకు వాడే 7018 రాడ్డును ఓవెన్‌లో వేడిచేసి తేమ తీసేయకపోతే, అతుకు చల్లారాక పగిలే ప్రమాదం ఉంది. విమానవాహక నౌక విక్రాంత్‌కు వాడిన డీఎంఆర్ 249ఏ ఉక్కు రూపకల్పనలో మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌ది ప్రధాన పాత్ర. అటువంటి ఉక్కు మీద ఏ రాడ్డు, ఎంత కరెంటు, ముందుగా ఎంత వేడి అన్నది వెల్డరు చేతివాటానికి వదిలిపెట్టరు. ముందే పరీక్షించి రాసిన పద్ధతి కాగితం ప్రకారమే నడవాలి. ఆ కాగితాన్ని చదవగలగడం కూడా చదువే. ఇన్ని చేసి పరీక్ష నెగ్గిన వెల్డరు ఆరు నెలలు ఆ పద్ధతిలో పని చేయకపోతే ఆ అర్హత చెల్లదు, మళ్లీ పరీక్షకు కూర్చోవాలి.

కాబట్టి ఐటీఐలో చేర్చండి. వెల్డరు ట్రేడు ఒక సంవత్సరం, ఫిట్టరు రెండు సంవత్సరాలు. చెయ్యి ఇప్పటికే కుదిరిన పిల్లవాడు గనుక వెల్డరే మేలని నా అభిప్రాయం. చేర్చే ముందు మీరు స్వయంగా వెళ్లి వర్క్‌షాపు చూడండి. ఎన్ని వెల్డింగు సెట్లు నడుస్తున్నాయి, అభ్యాసానికి పలకలూ రాడ్లూ సరిపడా ఇస్తున్నారా అని పాత విద్యార్థులను అడగండి. నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి, రాడ్లు లెక్కపెట్టి ఇచ్చే చోట వెల్డరు తయారు కాడు. ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉందో లేదో కూడా తప్పక చూసుకోండి. విశాఖ నౌకాదళ డాక్‌యార్డు అప్రెంటిస్ పాఠశాల తన ప్రకటనల్లో పదో తరగతిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం మార్కులు అడుగుతూ వస్తోంది. లెక్కలు, సామాన్యశాస్త్రం, జనరల్ నాలెడ్జిలలో రాతపరీక్ష ఉంటుంది. చేతిపని వస్తే చాలు, మార్కులెందుకు అనుకున్న పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు.

అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండు వస్తుంది గానీ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం 1961 నాటి అప్రెంటిస్ చట్టంలో లేదు. అయినా ఆ ఏడాది వృథా కాదు. యార్డులో పనిచేసిన అనుభవానికి కొచ్చిలోనైనా ముంబైలోనైనా విలువ ఉంది. కేంద్రప్రభుత్వ ఓడరేవుల అభివృద్ధి పథకం సాగరమాల కింద విశాఖలో పెట్టిన సెమ్స్ అనే శిక్షణ కేంద్రంలో ఓడల పనులకు సంబంధించిన స్వల్పకాలిక కోర్సులు కూడా ఉన్నాయి. మేనమామ షాపును ఈలోగా మానిపించకండి, సెలవుల్లో అక్కడే నిలువు అతుకులు అభ్యాసం చేసుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసింది. ఓడల పని ఆడపిల్లలకు కాదని మా బంధువులు అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, విజయనగరం

సమాధానం: నిజం కాదు. అప్రెంటిస్ చట్టం ఆడపిల్లలను ఎక్కడా మినహాయించలేదు. ఓడ అంటే నీటి మీద తేలే చిన్న ఊరు. జనరేటర్లు, స్విచ్‌బోర్డులు, కిలోమీటర్ల కొద్దీ కేబుళ్లు అందులో ఉంటాయి. కేబుల్ ఒక గది గోడను దాటి మరో గదిలోకి వెళ్లే చోట నీరు గానీ నిప్పు గానీ దాటకుండా మూసేయడం ఇంటి వైరింగులో ఎదురుకాని పని, ఓపికతో నేర్చుకోవలసిన పని. ఓడలనే పట్టుకొని కూర్చోనక్కరలేదు. భారత్ డైనమిక్స్ విశాఖ యూనిట్‌లో నౌకాదళానికి టార్పెడోలు తయారవుతాయి, అక్కడి అప్రెంటిస్ ప్రకటనలు కూడా చూస్తూ ఉండండి. విజయనగరం నుంచి విశాఖ సుమారు అరవై కిలోమీటర్లు. రోజూ రైల్లో వెళ్లివచ్చేవారు మీ వీధిలోనే ఉండి ఉంటారు. ఉదయం షిఫ్టుకు ఏ బండి అందుతుందో వారిని అడిగి చూసుకోండి. అందకపోతే హాస్టలు సంగతి ముందే ఆలోచించాలి.

ప్రశ్న: మూలపేట పోర్టు వస్తే మా పిల్లలకు ఓడలు కట్టే పని ఇక్కడే దొరుకుతుందా?
– ఒక మత్స్యకారుడు, భావనపాడు

సమాధానం: పోర్టు వేరు, షిప్‌యార్డు వేరు. పోర్టులో సరుకు ఎక్కించడం, దించడం, నిల్వ చేయడం ప్రధానం. క్రేన్ ఆపరేటర్లు, మోటారు మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు అక్కడ అవసరమవుతారు. ఓడ కట్టే పనే కావాలంటే ఇప్పటికి విశాఖ వెళ్లక తప్పదు. మీ పిల్లల్లో ఇంజను మరమ్మతు తెలిసినవారు ఉంటే డీజిల్ మెకానిక్ ట్రేడు ఒక సంవత్సరమే. అది పోర్టులోనూ పనికివస్తుంది, మీ సొంత బోటుకూ పనికివస్తుంది.