పాస్టర్లకు జీతం ఎవరిస్తారు అని అడిగారు, పెట్రోలు ఎవరు పోయిస్తారో అడగలేదు

“చర్చి పాస్టర్లకు, ఫాదర్లకు జీతాలు ఎవరిస్తారు? గవర్నమెంటా, ఫారిన్ వాళ్ళా?” అనేది మీ ప్రశ్న. పాస్టరు కొడుకును కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను.

మా నాన్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యగారు, అంటే పాస్టరు. బిషప్పు కడపలో ఉండే రాయలసీమ డయాసిస్, అంటే ఆ బిషప్పు కింద ఉండే చర్చిలన్నీ. సర్వీసంతా దాదాపు గుత్తి చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది. ఆదివారం కానుక, నెల చందా, దశమభాగం, కోత పండుగ డబ్బు అన్నీ పాస్టరేట్ (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలన్నీ కలిపి) ఖాతాలో పడేవి. అందులోంచి ఇంత కట్టాలని డయాసిస్ లెక్క వేసేది. దాన్ని అసెస్‌మెంట్ అనేవాళ్ళు. జీతం ఆ డబ్బులోంచే రావాలి. శనక్కాయ పంట పోయిన ఏడు అసెస్‌మెంట్ బాకీ పడేది, దాంతోపాటు మా జీతమూ. అనంతపురం జిల్లాలో పంట పోని ఏళ్ళు ఎన్నో మీరే లెక్కేసుకోండి.

క్యాథలిక్ ఫాదర్ల దారి వేరు. పెళ్ళాం పిల్లలు లేరు, తిండీ బసా విచారణలోనే, అంటే వాళ్ళ చర్చి దగ్గరే జరిగిపోతాయి, చేతిఖర్చుకు కొంత ఇస్తారు. పూజ పెట్టించుకున్నవాళ్ళు ఇచ్చే కానుక ఉంటుంది కానీ, క్రిస్మస్ తప్ప మిగతా రోజుల్లో రోజుకు ఎన్ని పూజలు చేసినా ఒక్కదాని కానుకే సొంతానికి ఉంచుకోవాలని వాళ్ళ చట్టం. సొంతంగా మందిరం కట్టుకున్న పాస్టర్లకైతే కానుక సంచిలో పడిందే జీతం. ఆంధ్రప్రదేశ్ గవర్నమెంటు 2021లో పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం అంది, ఇమాములకు 10,000. ఇక ఫారిన్ డబ్బంటారా, దానికి ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో విదేశీ విరాళాలు తీసుకునేందుకు ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా ఉండాలి. మా ట్రెజరర్లకు పక్క ఊరి బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటు వేయించడమే గగనం. అయినా టీ బంకు దగ్గర ప్రతివాడూ “మీకేమప్పా, డాలర్లు” అంటాడు.

నన్నడిగితే జీతం తక్కువని ఏ అయ్యగారూ అప్పులపాలు కాడు. పని ఖర్చులు చేతి నుంచి పెట్టుకుని అవుతాడు.

తొంభైల చివర్లో సంగతి. నాన్న కింద తొమ్మిది ఊళ్ళ సంఘాలు, ఒక పాత టీవీఎస్ ఫిఫ్టీ. ఓ రాత్రి పదకొండింటికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఊళ్ళో ఒక ముసలామె పోయిందని కబురొచ్చింది. వెళ్ళాడు. తిరిగొస్తుంటే తెల్లవారుజామున పెట్రోలు అయిపోయింది. దారిలో ఊరి కిరాణా అంగడివాణ్ణి లేపి, బ్రాందీ సీసాలో అమ్మే పెట్రోలు ఒక లీటరు పోయించుకున్నాడు, బంకు రేటుకు పైన ఐదు రూపాయలిచ్చి.

నెలాఖరు కమిటీ మీటింగు మా ఇంట్లోనే, టీలు మా అమ్మవి. (ఆ చక్కెర, పాలు ఏ పద్దులో రాయాలో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.) ట్రెజరర్ చీటీలన్నీ వరసగా పెట్టుకుని, “అయ్యగారూ, ఈ లీటరుకు బిల్లు యాడ?” అన్నాడు. కిరాణా అంగట్లో సీసా పెట్రోలుకు బిల్లెక్కడిది? నాన్న జేబులోంచి డైరీ తీసి చూపించాడు. తేదీ, ఊరు, ఎన్ని కిలోమీటర్లు, ఎవరి సమాధి, అన్నీ రాసుకునేవాడు. “నమ్మక కాదయ్యగారూ, ఆడిట్‌లో కొట్టేస్తారు” అని ట్రెజరర్ ఆ అంకె మీద గీత గీశాడు. మనిషి చెడ్డవాడు కాదు, టీ ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు.

తర్వాతి నెలే కోత పండుగ. వేలంపాటలో కోళ్ళు, గుమ్మడికాయలు, శనక్కాయ మూటలు. గుమ్మడికాయ దగ్గర ట్రెజరర్‌కూ అతని మేనమామకూ పంతం పడి పాట పదకొండు వందల దాకా పోయింది. చప్పట్లే చప్పట్లు. ట్రెజరర్ తాను పాడుకున్న కాయ మోసుకెళ్ళడం బరువనుకున్నాడో ఏమో, “అమ్మగారూ, మీరే వండుకోండి” అని మా వాకిట్లో పెట్టిపోయాడు. మూడు రోజులు అదే కూర. నాన్న ఏమీ అనకుండా తిన్నాడు, అమ్మ మాత్రం వడ్డించినప్పుడల్లా “పెట్రోలు ఇంకొంచెం వెయ్యనా?” అనేది.

ట్రాన్స్‌ఫర్ అయితే ఇంకో గోల. లారీ బాడుగ కొత్త పాస్టరేట్ ఇస్తుందని పాతవాళ్ళు, పాతవాళ్ళు ఇచ్చే పంపాలి కదా అని కొత్తవాళ్ళు. ఫ్లెక్సీలకు, సౌండ్ బాక్సులకు, కన్వెన్షన్‌కు వచ్చే ప్రసంగీకుడి కారుకు మాత్రం రాత్రికి రాత్రే చందాలు పోగవుతాయి. ఆ కారు డీజిలుకు బిల్లు అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నాన్న రిటైరయ్యాక బీరువా సర్దుతుంటే ఆ డైరీలు ఇరవై రెండు దొరికాయి. కొట్టేసిన అంకెలన్నీ కూడదామని కూర్చున్నాను. మూడో డైరీలో ఉండగా ఆయనొచ్చి లాక్కున్నాడు.