మీ ప్రశ్నలు – మా జవాబులు: చెరోకీ కొండల్లో ఒక రోజు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో షార్లెట్‌లో ఉంటున్నాడు. జూన్‌లో వెళ్తున్నాం. చెరోకీలో ఆదివాసీల పాతకాలపు పల్లె, రాత్రికి ఆరుబయట నాటకం ఒకే రోజు చూపిస్తానంటున్నాడు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. వీలవుతుందా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: అవుతుంది, ఆదివారం పెట్టుకోకండి. ఆ రోజు నాటకం ఉండదు. మిగతా వేళలు ఏటా కాస్త మారుతుంటాయి కాబట్టి రెండు టికెట్లూ ముందే కొని, వేళలు చూసుకున్నాకే బయల్దేరండి.

దారి మూడు గంటల పైమాటే. వేన్స్‌విల్‌కు కాస్త ముందు ఫోను మ్యాగీ వ్యాలీ మీదుగా 19వ నంబరు రోడ్డు చూపించవచ్చు. అది సోకో కనుమ ఎక్కి దిగే మెలికల దారి. కారులో వాంతులయ్యేవాళ్లుంటే 74వ నంబరు రోడ్డు వదలకుండా పోయి 441లోకి తిరగండి. నాటకం అయ్యేసరికి పది దాటుతుంది, తిరుగు ప్రయాణానికీ ఇదే దారి మేలు. ఆ రాత్రికి అక్కడే గది తీసుకుంటే ఇంకా మంచిది.

పొద్దున చెరోకీల చరిత్ర చూపే మ్యూజియం, మధ్యాహ్నం పల్లె, రాత్రి నాటకం. ఈ వరస మార్చొద్దు. పల్లె సాయంత్రం పెందలాడే మూసేస్తారు. ఓకోనలఫ్టీ అనే ఈ పల్లెను 1952లో తెరిచారు. 1760ల నాటి బతుకును, అంటే మన బొబ్బిలి యుద్ధం జరిగిన కొద్ది ఏళ్ల తర్వాతి బతుకును, చెరోకీ తెగవాళ్లే చూపిస్తారు. గైడు గుంపుగా తిప్పుతాడు. నేల మట్టి, కంకర, అక్కడక్కడా వాలు. చేతికర్ర, పట్టున్న చెప్పులు ఉండాలి. ఏడు గోత్రాలకు ఏడు గోడలున్న సభాగృహంలోనూ, నృత్యాలు జరిగే మైదానం దగ్గరా కూర్చోవచ్చు. మీ ఆవిడ ఆయాసపడకుండా అక్కడే సేదతీరవచ్చు.

చూపు ఎక్కువ నిలపాల్సింది పనిచేసే చేతుల మీద. నదీతీరపు వెదురును తొలిచి ఊదుగొట్టం చేస్తారు, మనిషి కంటే పొడుగు. బాణపు పుల్ల చివర ముళ్లమొక్క దూది చుడతారు. ఆ దూది గొట్టాన్ని నిండా మూస్తేనే ఊపిరి పక్కలకు పోకుండా బాణాన్ని తోస్తుంది. పలచగా చుడితే బాణం ముందుకు పోక అక్కడే పడుతుంది. వాళ్లు విషం పూయరు, పిట్టలకూ ఉడతలకూ ఆ దెబ్బే చాలు. పడవ చేసేచోట దుంగ నడిమిని నిప్పుతో కాల్చి, బొగ్గయినంత మేర గీకి, మళ్లీ కాలుస్తారు. ఫొటో తీసే ముందు అడగండి.

నాటకశాల కొండవాలున మెట్లుమెట్లుగా ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే మోకాళ్ల సంగతి చెప్పి, మెట్లు తక్కువ దిగే సీటు అడగండి. జూన్‌లో కూడా రాత్రి చలిగానే ఉంటుంది, శాలువా పట్టుకెళ్లండి. వానకు గొడుగు కాదు, రెయిన్‌కోటు. గొడుగు విప్పితే వెనక వరసకు ఏమీ కనబడదు. శాకాహారులైతే పులిహోర కట్టుకోండి. మొక్కజొన్నపిండిలో చిక్కుడుజాతి గింజలు కలిపి ఆకులో ఉడికించే రొట్టె దొరికితే రుచి చూడొచ్చు గానీ, దాన్ని చాలాచోట్ల పందికొవ్వుతో వడ్డిస్తారు. అడిగి తినండి.

ప్రశ్న: సాలీ అనే ఆయన ప్రాణత్యాగం వల్లే కొందరు చెరోకీలు ఆ కొండల్లో మిగిలారని నాటకంలో చూపిస్తారట. చరిత్ర అదేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

జవాబు: సగమే. 1838లో అమెరికా సైన్యం దాదాపు 16,000 మంది చెరోకీలను పడమటికి తరిమింది. దారిలోనూ శిబిరాల్లోనూ సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. తమను పట్టుకెళ్తున్న సైనికులను చంపినందుకు సాలీని, అతని వాళ్లను ఆ నవంబరులో కాల్చి చంపారు. సైన్యం తరఫున ఆ పని చేసింది కూడా చెరోకీలే. అంతవరకూ నిజం. కానీ ఇప్పటి చెరోకీ ఊరి చుట్టుపక్కలున్న క్వాలా ప్రాంతపు చెరోకీలు, అమెరికా ప్రభుత్వంతో 1819లో జరిగిన ఒప్పందం నాటినుంచే చెరోకీ దేశపు హద్దుల బయట ఉంటున్నారు. యోనగుస్కా అనే పెద్ద, ఆయన పెంచుకున్న విలియం థామస్ అనే తెల్ల వ్యాపారి వాళ్ల తరఫున నిలబడ్డారు. థామస్ వాళ్లకోసం భూములు కొన్నాడు. వాళ్లు అక్కడే ఉండిపోవడానికి ఇదే పెద్ద కారణం. ‘అన్‌టు దీజ్ హిల్స్’ అనే ఈ నాటకం 1950 నుంచి ఆడుతోంది. మొదటి ప్రతి చెరోకీ కాని రచయితది, 2006లో కొత్తగా రాయించారు. రంగస్థలం మీద ఒక వీరుడి మరణం పండినంతగా భూమి దస్తావేజులు పండవు. అందుకే ముందుగా మ్యూజియం చూడమన్నాం.

ప్రశ్న: మనవడికి ఈకల కిరీటం, ఇంటికి ఒక బుట్ట కొనాలని ఉంది. అసలువి ఎక్కడ దొరుకుతాయి?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: కిరీటం వద్దు. ఈకల కిరీటాలూ తోలు గుడారాలూ మైదాన ప్రాంతపు తెగలవి. పాతకాలపు చెరోకీ పురుషులు తలపాగా చుట్టేవాళ్లు, మట్టి మెత్తిన తడికల ఇళ్లలో ఉండేవాళ్లు. బుట్టకు 1946లో చెరోకీ కళాకారులే పెట్టుకున్న క్వాలా సహకార సంఘం దుకాణానికి వెళ్లండి, మ్యూజియంకు దగ్గరే. ధర చూసి బెదరకండి. వెదురు కోసి, చీల్చి, నల్ల అక్రోటు వేరుతో రంగు ఉడికించేదాకా అంతా చేత్తోనే. లోపలా బయటా రెండు పొరలుండే అల్లిక మరీ ఖరీదు. అల్లినవారి పేరు, వాడిన గడ్డి లేదా కర్ర పేరు అడగండి. చెప్పలేని దుకాణంలో కొనకండి.